నేను లేకుండా కదిలిన బండి

కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ నేను బస్సెక్కలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే. నా డ్రైవరు ఉద్యోగమంతా జాబ్రియాలో ఒకే ఇంట్లో, వీసా ఇచ్చిన ఒకే కఫీల్ దగ్గర గడిచింది. చేతిలో బండి ఉన్నవాడికి బస్సుతో ఏం పని? నా లెక్కలో బస్సంటే ఫోర్త్ రింగ్ రోడ్డులో నా ముందుకొచ్చి, చెప్పాపెట్టకుండా ఆగి, నా చేత తిట్లు తినేది. శుక్రవారం అబ్బాసియాలో మావాళ్ళ గదికి పోవాలన్నా మా వీధి డ్రైవర్లలో ఎవడో ఒకడు అటువైపు పోతూ నన్ను ఎక్కించుకునేవాడు.

ఇప్పుడు కొత్తగా వెళ్తున్న తమ్ముళ్ళు అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు చేతికి రాకముందే ఫోన్లో మ్యాపు పెట్టుకుంటున్నారు. మంచిదే. మేము మాత్రం దారుల్ని తిట్లు తింటూ నేర్చుకున్నాం. కొన్నాళ్ళకు జాబ్రియా సందులన్నీ కళ్ళు మూసుకొని తోలేవాణ్ణి. ఆ మాట నేనంటే, మా ఇంట్లో వంట చేసే జగిత్యాల ఆయన, "గందుకేనా అన్నా, ముందల బంపర్ గట్లున్నది?" అనేవాడు. మా ఇద్దరికీ అలాంటి స్నేహం. నాది రాజంపేట వైపు. ఒకరి యాస ఒకరికి ఎక్కిరింత, ఒకరి కూర ఒకరికి ప్రాణం.

ఇంతటి డ్రైవర్నీ ఒక బండి నడిరోడ్డు మీద వెర్రివాణ్ణి చేసింది. అది కువైట్‌లో కాదు, వియన్నాలో. ఆ సంగతే చెబుతాను.

మా ఇంటి యజమానిని మేమంతా బాబా అనేవాళ్ళం, ఆయన భార్యను మామా. బాబా తల్లి పెద్ద మామా. ఇంట్లో అసలు అధికారం పెద్ద మామాది. ఆమె గొంతు సవరించుకుంటే బాబా కూడా ఫోన్ పక్కన పెట్టేవాడు. నా బండిలో ఎక్కువ తిరిగింది ఆమే: ఆసుపత్రికి, చెల్లెలి ఇంటికి, జమియా దుకాణంలో పళ్ళు కొనడానికి. పళ్ళు తనే వేలితో నొక్కి చూస్తే తప్ప కొననిచ్చేది కాదు.

ఆమెకొక పద్ధతి ఉండేది. బండి ఎక్కడ ఆగినా ముందు ఆమె దిగాలి. నేను తలుపు తీసి, అబాయా మీదుగా మోచెయ్యి పట్టుకొని దింపి, నీడలో ఒక గోడో స్తంభమో చూసి దానిమీద ఆమె చెయ్యి ఆనించాలి. ఆ తర్వాతే డిక్కీ తెరిచి చక్రాల కుర్చీ, సంచీ బయటికి తియ్యాలి. మోకాళ్ళు పాడైనా చేతికర్ర పట్టుకొని కాసేపు నిలబడగలదు. చేరిన కొత్తలో నేను తెలివిగా ముందే కుర్చీ తీసి ఆమె తలుపు దగ్గర సిద్ధంగా పెట్టాను. ఆమె కుర్చీ వంక, నా వంక చూసింది.

"నేను సామాను తర్వాత దిగేదాన్నా?" అంది. "ముందు మనిషి, తర్వాత సామాను. ఖలాస్."

ఖలాస్ అంటే ఇక ఆ మాటకు తిరుగు లేదు. మా ఇద్దరి మాటలూ అరబ్బీలోనే. ఆమెది కువైట్‌లో పుట్టిన అరబ్బీ, నాది అక్కడ మేము వండుకున్న అరబ్బీ. మీకోసం తెలుగులో పెడుతున్నాను.

ఆ పద్ధతిలో రెండో సగం నాది. ఆసుపత్రుల దగ్గర బండి పెట్టడానికి చోటు దొరికేది కాదు. అందుకని ఆమెను, కుర్చీని దించి, "నేను దింపిన చోటు నుంచి కదలొద్దు మామా, ఇప్పుడే వస్తా" అని చెప్పి బండి ఎక్కడో పెట్టి పరుగున వచ్చేవాణ్ణి. ఆమె కదిలేది కాదు. ఒకసారి జమియా ముందు ఆమె సొంత చెల్లెలే ఎదురై, ఎండలో ఎందుకక్కా లోపలికి రా అని బతిమాలినా, "డ్రైవర్ ఇక్కడే ఉండమన్నాడు" అని కదల్లేదట. ఇంత పెద్ద ఇంటి మనిషి నా మాట అంత గట్టిగా పట్టుకోవడం నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

షుగర్ వల్ల ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. నేను చెప్పే ఏడు రెండోది కూడా మసకబారింది. మనుషుల్ని గొంతును బట్టి, మామిడిపళ్ళను వాసనను బట్టి గుర్తుపట్టే దశకు వచ్చింది. వియన్నాలో మంచి కంటి డాక్టర్ ఉన్నాడని ఎవరో చెబితే బాబా ప్రయాణం పెట్టాడు. ఆమెను చూసుకునే శ్రీలంక ఆమె సెలవు మీద ఊరికి పోయి ఉంది. కొత్త మనిషిని పెడతామంటే పెద్ద మామా ఒప్పుకోలేదు. "నా డ్రైవర్ని తీసుకురా" అంది. అట్లా ఆమెతో పాటు నాకూ యూరప్ వీసా వచ్చింది.

ప్రయాణం ముందురోజు వంటాయన పొయ్యి దగ్గర నిలబడి నన్ను పట్టుకున్నాడు.

"అన్నా, ఆడ నీకు బండి ఇయ్యరంట గద. మరి ఏం జేస్తవ్? ఉత్తగ కూసుంటవా?"

"ఏంటికి కూర్చుంటా? ఏ ఊరైనా రోడ్డు రోడ్డే కదప్పా. రెండు దినాలు తిరిగితే నాకు ఊరంతా వచ్చేస్తాది."

"బస్సు గిట్ల ఎక్కవలసొస్తే? టికెట్ తీసుడు ఎర్కేనా నీకు?"

"ముందు నీ పప్పు మాడతాంది, అది చూసుకో పో."

పప్పు నిజంగానే మాడుతోంది. ఆ రాత్రి అందరం మాడు వాసనతోనే తిన్నాం.

వియన్నాలో బాబా ఒక కారును డ్రైవరుతో సహా అద్దెకు తీసుకున్నాడు. ఆ డ్రైవరు కోటు, టై వేసుకొని వచ్చేవాడు. నేను అతని పక్క సీట్లో కూర్చొని రోజూ అతని తప్పులు లెక్కపెట్టేవాణ్ణి. నిజం చెప్పాలంటే తప్పులేం లేవు, అదే నాకు మంట. పెద్ద మామాకు రాత్రిళ్ళు తోడుగా ఆసుపత్రి వాళ్ళు ఒకామెను పంపేవారు. తెల్లారేసరికి ఆమె వెళ్ళిపోయేది. పగలంతా నేను.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆపరేషన్‌కు రోజు పెట్టాడు. పొద్దున తొమ్మిదికల్లా ఆసుపత్రిలో ఉండాలి, రాత్రి నుంచి ఏమీ తినకూడదు. ఆ మరుసటి రోజు నుంచి ఆయన చాలా రోజులు సెలవులో ఉంటాడు. "ఇప్పుడు తప్పితే ఈ కన్ను అన్నాళ్ళు ఆగుతుందని నేను మాటివ్వలేను" అన్నాడు. బాబా ఆ మాట తల్లికి నెమ్మదిగా చెప్పాడు. ఆమె తల పంకించి, సరే అంది.

సరిగ్గా ఆపరేషన్ ముందురోజే బాబాకు మ్యూనిక్‌లో ఏదో పని పడింది. అద్దె కారు తీసుకొని వెళ్ళాడు. పొద్దున నేరుగా ఆసుపత్రికి వచ్చేస్తానన్నాడు. "హోటల్ వాళ్ళు టాక్సీ పిలుస్తారు. మామా నీ బాధ్యత" అన్నాడు నాతో.

"మాఫీ ముష్కిల్, బాబా" అన్నాను. ఏ ఇబ్బందీ లేదని అర్థం. ఆ ముక్క నా నోట్లో ఎప్పుడూ తయారుగా ఉండేది.

పొద్దున పెద్ద మామాను తయారుచేసి కిందికి తెచ్చి, టాక్సీ అడిగాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఊళ్ళో టాక్సీల వాళ్ళంతా సమ్మె చేస్తున్నారట. పని కోసం, హక్కుల కోసం. ఇంకో రోజైతే శెభాష్ అనేవాణ్ణి. ఆ పొద్దున మాత్రం సాటి డ్రైవర్లే నా కొంప ముంచారు. బాబాకు ఫోన్ చేశాను, కలవలేదు.

ఆ అమ్మాయి మంచిది. హోటల్ ముందు ఆగే ఎర్ర ట్రామ్ నేరుగా ఆసుపత్రి గేటు దగ్గరికే పోతుందని చెప్పి, దిగాల్సిన చోటు పేరు కాగితం మీద రాసిచ్చి, రెండు టికెట్లు కూడా చేతిలో పెట్టింది. పట్టాల మీద నడిచే బస్సు, అంతే కదా అనుకున్నాను. పెద్ద మామా దగ్గరికి వచ్చి చెప్పాను.

"ఈరోజు ట్రామ్‌లో పోదాం మామా."

"నువ్వే తోలుతావా?"

"లేదు మామా. దాని డ్రైవర్ దానికి ఉంటాడు."

"ఎవడు వాడు?"

"ఎవడో."

"ఎవడో తోలితే నేనెక్కను."

"నేను పక్కనే ఉంటాను కదా మామా. మాఫీ ముష్కిల్."

ఆమె కాసేపు ఆలోచించింది. కడుపులో ఏమీ లేక మొహం వాడిపోయి ఉంది. "యల్లా, పద" అంది చివరికి.

ట్రామ్ వచ్చింది. ఆగింది. తలుపు తెరుచుకోలేదు. నేను మర్యాదగా నిలబడ్డాను, డ్రైవరు తెరుస్తాడని. వెనకనుంచి ఒకామె చెయ్యి చాపి తలుపు మీద బొత్తాం నొక్కింది. ఓహో, ఇక్కడ ఎక్కేవాడే తలుపు తీసుకోవాలన్నమాట. లోపలికెళ్ళి టికెట్లు చూపిద్దామంటే చూసే నాథుడు లేడు. కండక్టరు లేడు, గేటు లేదు, అడిగేవాడు లేడు. ముందుకెళ్ళి డ్రైవరు గాజు గది మీద తట్టి టికెట్లు చూపించాను. అతను నా వైపు చూడకుండానే వెనక్కి వేలు చూపించాడు. అక్కడొక నీలం డబ్బా ఉంది, టికెట్ దాంట్లో పెడితే ముద్ర పడుతుంది. ఇందాకటి ఆమే నా చేత పెట్టించింది. ఇంత పెద్ద ఊరు జనాన్ని ఇంత నమ్ముతుందా అని నేను ఆశ్చర్యపోయాను.

పెద్ద మామా చక్రాల కుర్చీలో కూర్చొని పోనంది, పదిమంది చూస్తారని. కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, కుర్చీ మడిచి అవతలి తలుపు దగ్గర కమ్మీకి ఆనించి, సంచీ దానికి తగిలించి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆమె పక్కన కూర్చోవడం అదే మొదలు. ఎప్పుడూ ఆమె వెనక, నేను ముందు. ఆమెను నేను అద్దంలో చూస్తూ మాట్లాడటమే అలవాటు.

ట్రామ్ ఒక కారుకు దగ్గరగా పోయింది. నా కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. ఇంకో మలుపు దగ్గర మళ్ళీ తొక్కింది.

"ఏం చేస్తున్నావు?" అంది పెద్ద మామా.

"బ్రేకు మామా."

ఆమె నవ్వింది. ఆ పొద్దుటికి అదే మొదటి నవ్వు. తర్వాత నా వైపు తిరిగి, మసక కంటితో నన్ను వెతికింది. "నీ ముఖం ఎట్లా ఉంటుందో మర్చిపోయాను. నీ మెడ వెనక భాగం అయితే చీకట్లో కూడా గుర్తుపడతాను" అంది. నేను మెడ తడుముకున్నాను.

"కన్ను రాకపోతే?" అంది కిటికీ వైపు చూస్తూ. కిటికీలోంచి ఆమెకు వెలుతురు తప్ప ఏమీ కనపడదని నాకు తెలుసు.

"వస్తుంది మామా. మాఫీ ముష్కిల్."

"నీకు అన్నీ మాఫీ ముష్కిలే" అంది.

స్టాపులు తెరమీద ఒక్కొక్కటే వస్తున్నాయి. కాగితం మీద అక్షరాలతో సరిచూసుకుంటూ కూర్చున్నాను. మాది రాగానే లేచాను. బొత్తాం నొక్కాను. చూశారా, ఎంత త్వరగా నేర్చుకున్నానో! ముందు నేను దిగి, మోచెయ్యి పట్టుకొని ఆమెను దింపాను. స్టాపు దగ్గర ఇనప స్తంభం ఉంది, నీడ కూడా ఉంది. ఆమె చెయ్యి దానికి ఆనించాను. "ఇక్కడే ఉండు మామా, కుర్చీ తెస్తా" అన్నాను. ముందు మనిషి, తర్వాత సామాను. జాబ్రియాలో చేసినట్టే చేశాను. వెనక్కి తిరిగి ట్రామ్ ఎక్కాను, కుర్చీ మీద చెయ్యి వేశాను.

తలుపు మూసుకుంది. బండి కదిలింది.

తమ్ముళ్ళూ, ఇది డ్రైవరుకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. నా జీవితంలో నేను సామాను దించేటప్పుడు బండి కదలదు. ఎట్లా కదులుతుంది? తోలేవాణ్ణి నేను కదా! డిక్కీ దగ్గర నేనుంటే ముందు సీటు ఖాళీ. ఆ నమ్మకం నా ఒంట్లో ఎంత పాతుకుపోయిందంటే, ట్రామ్ కదిలాక కూడా ఒక్క క్షణం ఎవడో నా బండి ఎత్తుకుపోతున్నాడనిపించింది.

తలుపు బాదాను. బొత్తాం నొక్కాను. "ఓ డ్రైవరూ! ఆపు సామీ, ఆపు!" అని అచ్చ తెలుగులో అరిచాను. కువైట్‌లో అయితే బండి పక్క రేకు మీద రెండు దెబ్బలేస్తే ఎంత వేగంలో ఉన్నవాడైనా ఆపుతాడు. ఇక్కడ అందరూ నా వైపు తిరిగారు గానీ డ్రైవరు తిరగలేదు. గాజులోంచి ఆమె కనపడింది. స్తంభం మీద చెయ్యి, నిటారుగా మెడ. కుర్చీ వస్తుందని నిలబడి ఉంది. నేను వెళ్ళిపోవడం ఆమె చూడలేదు, చూసేంత చూపు కూడా లేదు. ఆమె ఫోను నా దగ్గరున్న సంచీలో ఉంది. ఆ ఊళ్ళో ఆమె భాష ఎవరికీ రాదు. రాత్రి నుంచి తిండి లేదు, షుగర్ మనిషి. తొమ్మిది కావస్తోంది.

నాకు భయమేసింది. ఎడారిలో ఇసుకగాలి కమ్మేసి ముందు ఏమీ కనపడనప్పుడు కూడా నేను స్టీరింగ్ వదల్లేదు. ఈ ట్రామ్‌లో పట్టుకోవడానికి స్టీరింగే లేదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. బాబా అనుకొని ఎత్తాను. జాబ్రియా నుంచి వంటాయన.

"అన్నా, పెద్ద బండి తాళం ఏడ వెట్టినవ్? గేటుకు అడ్డంగున్నది, చెత్త బండోడు లొల్లి జేస్తున్నడు."

"తాళం సంగతి తర్వాత రా! ఈడ బండే నన్ను ఎత్తుకోని పోతాండాది!"

"ఏం బండే? ఎవ్వడు తోల్తున్నడు?"

"నేను కాదు! పెద్ద మామా కింద ఉండాది, నేను పైన ఉండా!"

"అయితే ముందుగాల దిగు అన్నా, దిగి ఉరుకు. ఫోనెందుకు మాట్లాడ్తవ్?" అని తనే పెట్టేశాడు. ఇంతకుమించిన సలహా ఆ రోజు నాకెవరూ ఇవ్వలేదు.

తర్వాతి స్టాపు చాలా దూరంలో ఉంది, మధ్యలో పెద్ద తోట గోడ. ట్రామ్ ఆగీ ఆగకముందే బొత్తాం నొక్కి కుర్చీతో సహా కిందికి దూకాను. ఎదురు ట్రామ్ కనుచూపు మేరలో లేదు. కుర్చీ విప్పి, సంచీ దాంట్లో పడేసి, పట్టాల పక్క కాలిబాట మీద తోసుకుంటూ పరుగెత్తాను. ఖాళీ చక్రాల కుర్చీతో మీసాలాయన ఒకడు దూసుకొస్తుంటే ఆ దొరలూ దొరసానులూ పక్కకు తప్పుకున్నారు. కుర్చీలో ఉండాల్సిన మనిషి ఎక్కడ పడిపోయాడోనని కొందరు నా వెనక్కి తొంగిచూశారు. రొప్పుతున్నాను, చెమటలు కారుతున్నాయి, నోట్లో మాత్రం ఒకటే మాట: అమ్మా, కదలొద్దు. అక్కడే ఉండు. కదలొద్దు.

స్టాపు దగ్గర గుంపు కనపడింది. పడిపోయిందేమో అనుకున్నాను.

పడిపోలేదు. నేను వదిలిన స్తంభం దగ్గరే, నేను పెట్టిన చెయ్యి తియ్యకుండా నిలబడి ఉంది. కాళ్ళు వణుకుతున్నాయి. ఒక దొరసాని ముసలామె ఆమెను నడుం దగ్గర ఆసరాగా పట్టుకొని ఉంది. పక్కనే పేపర్లు అమ్ముకునే ఈజిప్ట్ ఆయన ఒకడు చేతులు తిప్పుతూ అరబ్బీలో మొత్తుకుంటున్నాడు. నన్ను, కుర్చీని చూసి నా మీద పడ్డాడు.

"నువ్వేనా డ్రైవర్‌వి? ఆసుపత్రి అదిగో, రోడ్డు అవతల! నేను తీసుకుపోతాను తల్లీ అంటే రాదు. కూర్చోమంటే కూర్చోదు. దింపినవాడే రావాలంట! ఏం పెట్టావయ్యా ఈమెకు?"

"ఏమీ పెట్టలేదు భాయ్" అన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పెద్ద మామా నా గొంతు విని ముఖం ఇటు తిప్పింది. "వేనక్?" అంది. ఎక్కడికి పోయావని. తర్వాత అందరి ముందూ, గట్టిగా, "యా హ్మార్!" అంది. గాడిదా అని. ఈజిప్ట్ ఆయన ముసిముసిగా నవ్వాడు. ఆ తిట్టు నా చెవులకు ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. తిట్టే ఓపిక ఉందంటే మనిషి బాగానే ఉన్నట్టు.

"ఎందుకు పోలేదు మామా ఆయనతో? తొమ్మిదైపోతోంది, నీ కన్ను..."

"నువ్వు ఇక్కడే ఉండమన్నావు. నేను అవతలికి పోయాక నువ్వొస్తే? నాకోసం ఊరంతా వెతుక్కుంటావు. నీకు ఇక్కడ దారులు తెలియవు" అంది.

ఆమెను కుర్చీలో కూర్చోబెడుతుంటే ఎడమ చెయ్యి పిడికిలి విప్పలేదు. విప్పి చూస్తే దాంట్లో బిస్కెట్. కళ్ళు తిరిగి పడిపోతుందేమోనని దొరసాని ముసలామె పెట్టిందట.

"తిన్నావా మామా?"

"తినకూడదని తెలియదా నాకు? నీకోసం పెట్టాను. నువ్వు కూడా పొద్దున ఏమీ తినలేదు కదా."

నేను తినలేదని ఆమెకెట్లా తెలుసో నాకు తెలియదు. తను పస్తు ఉన్నప్పుడు ఎదురుగా తినడం ఎందుకని నేనే మానేశాను. బిస్కెట్ తీసి చొక్కా జేబులో పెట్టుకొని, ఈజిప్ట్ ఆయన ముందు పరుగెత్తుతుంటే వెనక కుర్చీ తోసుకుంటూ రోడ్డు దాటాను.

ఆసుపత్రిలో నర్సు గోడ గడియారం వంక చూసి పెదవి విరిచింది. పెద్ద మామా వంతులో వేరొకర్ని లోపలికి తీసుకుపోయారట. ఈజిప్ట్ ఆయన నర్సుకు వాళ్ళ భాషలో జరిగిందంతా చేతులతో సహా చెప్పాడు. ఆమె లోపలికెళ్ళింది. కాసేపటికి డాక్టరే టోపీ పెట్టుకొని బయటికి వచ్చాడు. ఆయన అడిగింది ఒక్కటే: స్టాపు దగ్గర ఏమైనా తిన్నదా? నేను జేబులోంచి బిస్కెట్ తీసి చూపించాను. ఎక్కడా కొరకనిది, పూర్తిది. ఆయన దాన్ని చూశాడు, పెద్ద మామాను చూశాడు, నా తడిసిపోయిన చొక్కాను చూశాడు. నవ్వాడు. షుగర్ చూసి, "దీని తర్వాత ఈమే" అని నర్సుకు చెప్పి లోపలికెళ్ళాడు.

ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక వరండాలో కూర్చొని ఆ బిస్కెట్ తిన్నాను. అప్పటికే పొడి పొడి అయిపోయింది, అయినా నలుసు కూడా వదల్లేదు.

బాబా మధ్యాహ్నానికి వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పేశారు, ముఖం ఎర్రగా ఉంది. "ఆమెను ఒంటరిగా రోడ్డు మీద వదిలేసి ట్రామ్‌లో పోయావా? కువైట్‌కు పోగానే కాన్సిల్ చేసి పంపిస్తాను" అన్నాడు. కాన్సిల్ అంటే వీసా రద్దు, ఇంటికి ప్రయాణం. ఏమని చెప్పినా ఆయన తల్లి రోడ్డు మీద నిలబడింది నిజం.

లోపల మంచం మీద, కంటికి కట్టుతో పడుకున్న పెద్ద మామాకు ఆ మాట వినపడింది.

"ఎవర్ని కాన్సిల్ చేస్తావు?" అంది. "తప్పు ఆ ట్రామ్ వాడిది. మనిషి దిగింది, సామాను దిగలేదు, వాడు బండి తీసేశాడు. వాడేం డ్రైవర్? నా డ్రైవర్ ఎన్నడైనా అట్లా చేశాడా?" బాబా ఏదో అనబోయాడు. "ఖలాస్" అంది.

ఇంకేముంది, ఖలాస్.

కట్టు విప్పిన రోజు గదిలో డాక్టరు, బాబా, నేను. డాక్టరు వేళ్ళు చూపించాడు, చెప్పింది. బాబా ముఖం చూసింది, చెంప నిమిరింది. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"ఎప్పుడు ఇంత ముసలివాడివయ్యావు?" అంది. "మెడ చూసి ఇంకా కుర్రవాడివే అనుకుంటున్నాను."

మేమంతా పగలబడి నవ్వాం. ఆ రాత్రి గదిలో అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ కనపడలేదు. వంటాయనకు ఫోన్ చేసి చెబితే, "నేను ఎన్నడో జెప్పిన అన్నా, నువ్వే ఇనలే. తాళం దొరికింది, నీ దిండు కింద" అన్నాడు.

కువైట్ వచ్చాక ఇంకొన్నేళ్ళు తోలాను. ఎక్కడ ఆగినా పెద్ద మామాను ముందు దింపే పద్ధతి మాత్రం మారింది. నేను మార్చలేదు, ఆమే మార్చింది. బండి ఆగగానే, "కుర్చీ దించావా?" అని అడిగి, దించాక దిగేది. పదిమందీ చూస్తారన్న పట్టింపు పోయింది. ట్రామ్ ప్రయాణం మాత్రం చుట్టాలందరికీ పదే పదే చెప్పుకునేది. నేను బ్రేకు తొక్కిన ముచ్చట దగ్గరికొచ్చేసరికి తన కాలితో తొక్కి చూపించేది.

తమ్ముళ్ళూ, పెద్ద ఊళ్ళకు పోతే బస్సెక్కండి, ట్రామెక్కండి, మెట్రో ఎక్కండి, భయం లేదు. టికెట్ మీద ముద్ర వేయించుకోండి, తలుపు బొత్తాం వెతుక్కోండి. అవన్నీ ఒక్కపూటలో వచ్చేస్తాయి. మనం తోలని బండిలో మన పద్ధతులు చెల్లవన్నది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. అది నేర్చుకోవడానికి నాకు ఒక తోట గోడంత దూరం పరుగెత్తవలసి వచ్చింది.

నేను ఉద్యోగం చాలించి వచ్చేసే రోజు కొత్త డ్రైవరు బండి తోలాడు. మన రాయచోటి వాడే, నెమ్మదైనవాడు. పెద్ద మామా ఎయిర్‌పోర్టుకు వస్తానని పట్టుబట్టింది. వెనక సీట్లో ఆమె పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది. దారిపొడుగునా నా కుడికాలు నేల తొక్కుతూనే ఉంది. ఆమె చూసి నవ్వుకుంటూనే ఉంది.

బయల్దేరే గేటు ముందు బండి ఆగింది. నేను తలుపు మీద చెయ్యి వేశాను.

"ఆగు" అంది. "ముందు సామాను. తర్వాత నువ్వు."

కొత్త డ్రైవరు దిగి, నా పెట్టెలు దించి, ఒక్కొక్కటే నాకు కనపడేలా ట్రాలీ మీద సర్దాడు. అప్పుడు నేను దిగాను. వంగి ఆమె చెయ్యి కళ్ళకద్దుకున్నాను. ఆమే ముందు మాట్లాడింది.

"లోపలికి పోయేదాకా నువ్వు నాకు కనపడతావు. యల్లా, పో."

అద్దాల తలుపు దాటాక వెనక్కి తిరిగి చూశాను. పోలీసు విజిల్ వేస్తున్నాడు, వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి, కొత్త డ్రైవరు పాపం స్టీరింగ్ పట్టుకొని అద్దంలో వెనక్కి చూస్తున్నాడు. కిటికీలోంచి పెద్ద మామా నా వైపే చూస్తోంది. నేను వరసలో ముందుకు కదిలి, ఆ తలుపు కనపడనంత దూరం వెళ్ళేదాకా ఆ బండి కదలలేదు.